రేడియోలో రాని చరణం

ఆ వసంతంలో ఆటిస్ హాల్కమ్ తన సెలూన్‌లో రేడియో పెట్టనూ లేడు, కట్టేయనూ లేడు. పెడితే ఆ పాట వస్తుంది. కట్టేస్తే కుర్చీలో కూర్చున్నవాడు ఊరుకోడు.

"నీ పాటేగా ఆటిస్! దాని గొంతు నువ్వే నొక్కేస్తే ఎట్లా?" అన్నాడు వర్నల్ ఐసన్. బొగ్గు లారీ తోలుతాడు. కొండ అవతలి లోయ నుంచి ఈ మధ్యే ఇటు మకాం మార్చాడు. మెడ చుట్టూ కట్టిన తెల్లగుడ్డలోంచి తల ఒక్కటే బయటికి కనబడుతోంది. అయినా కిందనుంచి చెయ్యి పోనిచ్చి రేడియో మీట తిప్పనే తిప్పాడు.

ముందు వయొలిన్లు వచ్చాయి. ఒకటీ రెండూ కాదు, గదినిండా వయొలిన్లు. ఆ తర్వాత లానీ స్లోన్ గొంతు. మొదటి చరణంలో వాగు ఒడ్డున పిల్లని చూడటం, రెండో చరణంలో పెళ్ళి, చిన్న ఇల్లు. ఆటిస్ కత్తెర ఆడిస్తూనే ఉన్నాడు. మూడో చరణం దగ్గరికొచ్చేసరికి ప్రతిసారీ చెయ్యి తనంతట తనే ఆగిపోతుంది.

మాట మాట పెరిగింది, లాంతరు చేత పట్టింది,
ఊగే వంతెన ఎక్కింది, వెనుదిరిగి చూడలేదు.
ఏటి మీద వెలుతురేమో చిన్నదై చిన్నదై పోయింది,
గుమ్మంలో నేనున్నాను, పేరు పెట్టి పిలవలేదు.

అంతే. వయొలిన్లు ఒక్కసారిగా పైకి లేచి, నాటకం చివర తెర పడ్డట్టు పాట మీద పడిపోతాయి. ఆ వెంటనే సబ్బు ప్రకటన.

"మొత్తానికి మీ ఆవిడ నిన్నొదిలేసి పోయి నీకు పేరు తెచ్చిపెట్టింది" అన్నాడు వర్నల్.

"ఒదిలేసి పోలేదు. చనిపోయింది. ఆరేళ్ళయింది."

"అయ్యో. మరి పాటలో?"

"ఇంకో చరణం ఉంది. అందులో తిరిగొస్తుంది."

"ఏదీ, పాడు విందాం."

"తల కదపకు. చెవి తెగుతుంది" అన్నాడు ఆటిస్.

బల్ల మీద తన వంతు కోసం కూర్చున్న మనిషి లేచి దగ్గరికొచ్చాడు. కొత్త మొహం. సిన్సినాటి నుంచి గనుల లారీలకి విడిభాగాలు అమ్ముకోడానికి వచ్చినవాడు. టోపీ తీసి రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఆ పాట కట్టింది మీరా అండీ?"

"ఆఁ."

"మా ఆవిడ కూడా అట్లాగే వెళ్ళిపోయింది. లాంతరు లేదనుకోండి, టాక్సీ. గుమ్మంలో నిలబడి పేరు పెట్టి పిలవలేకపోయాను. ఇంత చవట ఈ లోకంలో నేనొక్కణ్ణే అనుకున్నా. ఈ పాట విన్నాకే కాస్త నిద్ర పడుతోంది."

ఆటిస్‌కి నోటిదాకా వచ్చింది, 'బాబూ, మా ఆవిడ వెళ్ళిపోలేదు' అనే మాట. ఇంతలో వర్నల్ దిగిపోయాడు, ఆ మనిషి కుర్చీలో వెనక్కి వాలి, వేడి తువ్వాలు మొహం మీద వేయించుకుని, ఎన్నాళ్ళకో నడుం వాల్చినట్టు కళ్ళు మూసుకున్నాడు. తువ్వాలు కింద ఆ కళ్ళు తడిశాయో లేదో తెలీదు. ఆటిస్ ఆ మాట మింగేశాడు. మామూలు కంటే నెమ్మదిగా, ఒక్క గాటు పడకుండా గడ్డం గీసి పంపించాడు. పంపించాక మాత్రం రేడియో తీగ గోడలోంచి పీకి అవతల పారేశాడు.

అసలు జరిగింది వేరు. పెళ్ళైన కొత్తలో ఒక వానాకాలపు సాయంత్రం, వాగు అవతల ఉండే ఒర్లీనా అక్క జెల్లాకి జ్వరం ముదిరిందని కబురొచ్చింది. వాగు ఒడ్డులు ముంచి పారుతోంది. దాటాలంటే ఇనప తీగల మీద వేలాడే చెక్కల వంతెన ఒక్కటే దారి. "తెల్లారాక వెళ్దువుగానిలే" అన్నాడు ఆటిస్. "తెల్లారేదాకా జ్వరం నీలాగా కాళ్ళు చాపుకుని కూర్చుంటుందా?" అంది ఒర్లీనా. మాట పట్టింపుకొచ్చింది. లాంతరు తీసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు తిరిగొచ్చింది. పొద్దెక్కినా చేతిలో లాంతరు వెలుగుతూనే ఉంది. గౌను అంచు పిండుకుంటూ, "కాఫీ ఉందా?" అని మాత్రం అడిగింది.

దాన్నే ఆటిస్ పాట కట్టాడు. వినేవాళ్ళు మూడు చరణాలూ 'అయ్యో పాపం' అనుకోవాలి, నాలుగోదాంట్లో కాఫీ అడగ్గానే ఫక్కున నవ్వాలి, నవ్వాక ఎందుకో కళ్ళు తుడుచుకోవాలి. అదీ పాట. ఒర్లీనా బతికున్న రోజుల్లో అరుగు మీద గిటారు పెట్టుకుని పాడుతుంటే, చివరి ముక్క ఆమెది. అతను 'కాఫీ ఉందా అని అడిగింది' అని ఆగేవాడు. లోపల గిన్నెలు తోముతూ ఆమె 'ఇంకేమీ అడగలేదు!' అని అందుకునేది. ఆమె పోయాక ఆటిస్ ఆ పాట మళ్ళీ మొత్తం పాడింది లేదు. మూడో చరణం దాటి ముందుకి సాగదు.

లానీ స్లోన్ ఆ అరుగు మీదే పెరిగాడు. ఆటిస్‌కి పినతండ్రి కొడుకు కొడుకు. నాష్‌విల్ వెళ్ళి అక్కడా ఇక్కడా పాడి, చివరికి 'లాంతరు పట్టుకెళ్ళింది' అని ఈ పాటే రికార్డు ఇచ్చాడు. మొదటి రికార్డు బాగుంది. గిటారు, ఫిడేలు, నాలుగు చరణాలూ ఉన్నాయి. కొండసీమ స్టేషన్లలో మోగింది. నచ్చినవాళ్ళకి నచ్చింది. అక్కడితో ఆగినా బాగుండేది.

ఆగలేదు. కంపెనీవాళ్ళకి అందులో ఇంకేదో వినిపించింది. పట్నం స్టేషన్లలో కూడా ఆడుతుందనుకున్నారు. పట్నం స్టేషన్లు మూడు నిమిషాలు దాటితే ముట్టుకోవు, పల్లెటూరి ఫిడేలంటే మొహం చిట్లిస్తాయి. ఆ ఒంటి ఫిడేలు తీసేసి గదినిండా వయొలిన్లు పెట్టారు. నాలుగో చరణం కోసేశారు. ఇంకేముంది, న్యూయార్క్‌లో మోగింది, చికాగోలో మోగింది, సముద్రాల అవతల కూడా మోగింది. డ్యాన్సు పాటల మధ్య, సినిమా పాటల మధ్య ఒర్లీనా లాంతరు పట్టుకుని వెళ్ళిపోవడమే. పట్నంలో గెలిచిన ఆ ముక్కనే కంపెనీ తిరిగి కొండసీమ స్టేషన్లకీ పంపింది. తన పాట లోకమంతా తిరిగి సగం ఒంటితో ఇంటికొచ్చింది.

ఆటిస్ ఫోన్ చేశాడు.

"బాబాయ్!" అన్నాడు లానీ, వెనక ఎవరో నవ్వుతుంటే. "విన్నావా? టాక్సీలో విన్నా మన పాట! డ్రైవరు ఏ దేశంవాడో కూడా తెలీదు, వాడూ కూనిరాగం తీస్తున్నాడు!"

"నాలుగో చరణం ఏదిరా?"

"నేను కోసింది కాదు బాబాయ్. నేను పాడే వచ్చా."

"అది లేకపోతే మీ పిన్ని నన్నొదిలి లేచిపోయినట్టుందిరా."

"లేచిపోయిందని ఎవరన్నారు? వెళ్ళింది, అంతే. మిగతాది జనం ఊహించుకుంటారు."

"అదే నేననేదీ. వాళ్ళెందుకూ ఊహించుకోవడం? నేను కట్టి ఇచ్చానుగా!"

లానీ గొంతు తగ్గించాడు. "నిజం చెప్పనా? వాళ్ళన్నదేంటంటే, పాట ఏడిపించాలట. నాలుగో చరణంలో ఏడుపు లేదు, కాఫీ ఉంది అన్నారు."

ఆటిస్ ఫోన్ పెట్టేశాడు.

పోనీ మన ఊరి స్టేషనైనా మన మాట వినకపోతుందా అని, మొదటి రికార్డు సంకలో పెట్టుకుని టౌన్‌కి వెళ్ళాడు. అక్కడ పాటలు వేసే కుర్రాడు మర్యాదస్తుడు. లేచి కుర్చీ ఇచ్చాడు. "వేస్తానండీ ఆటిస్ గారూ, ఇప్పుడే వేస్తా" అని వేశాడు. ఫిడేలు వినగానే ఆటిస్ ప్రాణం లేచొచ్చింది. పాట ఇంకా అవ్వనేలేదు, ఫోన్ మోగింది. ఒకావిడ. ఆవిడ మాటలు ఆటిస్ కూర్చున్న చోటికే వినబడుతున్నాయి.

"అబ్బాయ్, ఇది అసలు పాట కాదు. ఎవరో చివర్లో ఏదో కాఫీ గొడవ తగిలించారు. అసలుది వెయ్యి."

కుర్రాడు ఫోను చేత్తో మూసి, ఆటిస్ వంక చూసి, చెవులదాకా ఎర్రబడ్డాడు. ఆ ఎర్రబడటం ఒక్కటే ఆ రోజు ఆటిస్‌కి దక్కింది.

వీటన్నిటినీ భరించేవాడే. లోకం ఏమనుకుంటే ఏం? ఒర్లీనాని ఎరిగినవాళ్ళకి తెలుసు. కానీ జెల్లా వదిన మాట్లాడటం మానేసింది. అదీ అతనికి మింగుడుపడనిది. ఒర్లీనా పోయాక, ఆమె గురించి 'అది' అని ఏకవచనంలో మాట్లాడుకోడానికి అతనికి మిగిలిన మనిషి జెల్లా ఒక్కతే. ఆదివారాలు వంతెన దాటి వెళ్తే ఒక రొట్టెముక్క పెట్టేది, చెల్లెల్ని రెండు తిట్లు తిట్టేది. ఆ తిట్లు వినడానికే వెళ్ళేవాడు. మార్చి నుంచి తలుపు తీయడం లేదు.

ఏప్రిల్‌లో ఒకరోజు రికార్డు పట్టుకుని మళ్ళీ వెళ్ళాడు. జెల్లా పెరట్లో ఉల్లినారు పెడుతోంది. డెబ్బై దాటినా నడుం వంచిందంటే మడి చివరిదాకా లేవదు.

"వదినా."

లేవలేదు.

"వదినా, పూర్తి పాట ఇందులో ఉంది. ఒక్కసారి విను. చివర్లో అది తిరిగొస్తుంది. నీ జ్వరం సంగతీ ఉంది."

"మా ఇంట్లో పాటల పెట్టె లేదని నీకు తెలుసు." నిజమే. జెల్లా చర్చి పాత పద్ధతిది. అక్కడ పియానో లేదు, గిటారు లేదు. పుస్తకాలు కూడా అందరి దగ్గరా ఉండవు. ఒక పెద్దమనిషి ముందు నిలబడి ఒక పాదం గబగబా చదివినట్టు అందిస్తాడు. మిగిలినవాళ్ళంతా దాన్ని అందుకుని, కొండ మీదికి బండ లాగినట్టు, నెమ్మదిగా లాగి లాగి పాడతారు. వాళ్ళు అది ముగించేలోపు పెద్దమనిషి ఊపిరి తీసుకుని తర్వాతి పాదం అందిస్తాడు. ఒర్లీనా పెళ్ళయ్యేదాకా ఆ పాటలే వింది. పెళ్ళయ్యాక గిటారు మోజులో పడి చెడిపోయిందని జెల్లా అంటుండేది.

"పెట్టె కూడా నేనే తెస్తా."

"నువ్వు కట్టిన పాటేగా. నోటితో పాడు."

ఆటిస్ గొంతు సవరించుకున్నాడు. 'తెల్లవారి మంచులోన' అన్నాడు. అంతే. లోపల్నుంచి గిన్నెల చప్పుడు వినిపించింది. ఏ గిన్నెలూ లేవు. నోరు తెరిచి ఉంది, పాట లేదు.

జెల్లా ఇప్పుడు లేచింది. చేతులకి మట్టి. "చూశావా? నీకే రావడం లేదు. నీ పాట నేను రేడియోలో వింటాననుకోలేదు, మందుల షాపులో వినాల్సొచ్చింది. అందరూ నా మొహంలోకే చూస్తున్నారు. ఒక మాట చెప్పు. ఆ సంగతి నీకు ఎవరు చెప్పారు?"

"ఏ సంగతి?"

జెల్లా అతని మొహంలో ఏదో వెతికింది. దొరికిందో లేదో చెప్పలేదు. "డెకరేషన్ ఆదివారం వస్తోంది. దాని సమాధి దగ్గర ఆ పాట ఎత్తితే ఊరుకోను. ఒక భక్తిపాట, నాలుగు పూలు, అంతే. ఇంక వెళ్ళు, ఎండ ముదిరేలోపు నారు పెట్టాలి."

మే చివరి ఆదివారమే డెకరేషన్, ఆ రోజు అక్కడివాళ్ళు ఎక్కడున్నా ఇంటికొస్తారు. డేటన్ నుంచి, డెట్రాయిట్ నుంచి, కార్లు వరసగా కొండ ఎక్కుతాయి. గుట్ట మీది సమాధుల చుట్టూ గడ్డి కోసి, వంగిన రాళ్ళు నిలబెట్టి, ఎవరి సమాధికి వాళ్ళు పూలు పెడతారు. తర్వాత అందరూ కలిసి ఒక్కో సమాధి దగ్గరా ఆగి, ఆ మనిషికి ఇష్టమైన పాట ఒకటి పాడతారు. అది అయ్యాకే చెట్ల కింద బల్లల మీద భోజనాలు.

ఆటిస్ ఒర్లీనాకి మైనం అద్దిన కాగితం గులాబీలు తెచ్చాడు, ఆమె చేసుకునే పద్ధతిలోనే చేసినవి. గులాబీల్లాగా లేవు, క్యాబేజీల్లాగా వచ్చాయి. జెల్లా అప్పటికే రాయి తడిగుడ్డతో తుడిచి ఉంచింది. అతన్ని చూసి పక్కకి జరిగింది.

జెల్లా చర్చిలో పాదాలు అందించే పెద్ద, ఆర్బిన్ కాడిల్. చెయ్యి చెవికి ఆన్చుకుని ఒక భక్తిపాట పాదం అందించాడు. జనం అందుకున్నారు. ఆ పాట రెండు చరణాలయ్యాక ఒర్లీనా మేనకోడళ్ళు, డేటన్ నుంచి వచ్చిన ఇద్దరాడపిల్లలు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ముందుకొచ్చారు.

"అత్తయ్య పాట పాడతాం" అంది పెద్దది. "అక్కడ మా ఫ్యాక్టరీలో అందరికీ వచ్చు. మా అత్తయ్యేనని చెప్తే నమ్మరు."

ఆర్బిన్ కనుబొమలు ముడిచి జెల్లా వంక చూశాడు. జెల్లా పెదవి బిగించింది. కానీ అంత దూరం నుంచి వచ్చిన పిల్లలు, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని నిలబడ్డారు. వద్దనడానికి ఎవరికీ నోరు రాలేదు. పాడారు. వయొలిన్లు లేకుండా వింటే పాట మళ్ళీ మనుషుల పాటలాగే ఉంది. రెండో చరణానికి చుట్టూ ఉన్నవాళ్ళు గొంతు కలిపారు, మూడో చరణానికి గుట్టంతా పాడుతోంది. 'పేరు పెట్టి పిలవలేదు' దగ్గర అందరూ ఒక్కసారిగా, రేడియో నేర్పినట్టే, ఆపేశారు.

తన భార్య సమాధి ముందు, తన చుట్టాలందరి నోటా, ఆమె వంతెన దాటి వెళ్ళిపోయింది. ఇంక రాదు. ఆటిస్‌కి కోపమొచ్చింది. అయితే ఎవరి మీద కోపం? ఆ పిల్లలు ప్రేమతోనే పాడారు.

"అయిందా?" అంది జెల్లా, తిరిగి చూడకుండా నడవబోతూ.

"కాలేదు" అన్నాడు ఆటిస్.

అందరూ అతని వైపు తిరిగారు. ఆర్బిన్ పెద్దాయన అతన్ని ఎగాదిగా చూశాడు. ఆటిస్ ఏనాడూ ఆ చర్చిలో నోరెత్తినవాడు కాదు. అయినా ముసలాయనకి ఏం అర్థమైందో, ఒక అడుగు వెనక్కి వేసి చోటిచ్చాడు. "అందించు" అన్నాడు.

పాడటం తన వల్ల కాదు. ఒక పాదం చదవడం వల్లయితే అవుతుందేమో. ఆటిస్ చెయ్యి చెవికి ఆన్చుకున్నాడు.

"తెల్లవారి మంచులోన లాంతరొకటి తిరిగొచ్చింది."

ఎవరికీ తెలియని పాదం. ఒక్క క్షణం తడబడ్డారు. తర్వాత ఆర్బిన్ అందుకున్నాడు, ఆయన వెనక ముసలివాళ్ళు, వాళ్ళ వెనక అందరూ. అందిస్తే అందుకోవడం వాళ్ళకి పుట్టుకతో వచ్చిన అలవాటు. లాగి లాగి పాడుతున్నారు. ఆ లాగుడు ఎంత పొడుగంటే, ఆటిస్ ఏడ్చి, మొహం తుడుచుకుని, ఊపిరి తీసుకుని, మళ్ళీ మనిషవడానికి సరిపోయింది.

"పొద్దెక్కినా ఆర్పలేదు, ఆర్పే సంగతి మరిచింది."

లాగారు.

"అక్క జ్వరం తగ్గిందంది, తడి గౌనంచు పిండుకుంది."

లాగారు. జెల్లా పాడటం లేదు. కానీ వెళ్ళడం ఆపింది.

"కాఫీ ఉందా అని అడిగింది..."

అక్కడ ఆగిపోయాడు. తర్వాతి ముక్క అతనిది కాదు. అందరూ ఎదురుచూశారు. ఒక్కరూ దగ్గలేదు, ఒక్కరూ కదల్లేదు, చంటిపిల్లల తల్లులు కూడా అలాగే నిలబడ్డారు. తొందరపెట్టకపోవడం కూడా ఒక దయే. చివరికి, పాటలాగా కాదు, దారి అడిగినవాడికి దారి చెప్పినట్టు, పొడిగా అన్నాడు.

"ఇంకేమీ అడగలేదు."

గుట్టంతా ఆ మాటని అందుకుని తిరిగి అతనికిచ్చింది. ఆరేళ్ళ తర్వాత ఆ ముక్క ఇంకొకరి నోట విన్నాడు.

భోజనాల బల్ల దగ్గర డేటన్ మేనకోడలు పరిగెత్తుకొచ్చింది. "మామయ్యా, ఎంత బాగుందో! ఇవాళ్టి కోసం కొత్తగా కట్టావా? కానీ రేడియోలో ఉన్నట్టే బాగుంటుందిలే, ఇది కొంచెం పొడుగైంది." ముద్దుపెట్టి వెళ్ళిపోయింది. ఆటిస్ చేతిలో ఖాళీ పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

పళ్ళెంలో మొక్కజొన్న రొట్టె పడింది, పక్కన చిక్కుళ్ళు. గరిటె జెల్లాది.

"తెల్లవారి కాదు" అంది. "మధ్యాహ్నం."

"తెలుసు వదినా. పాటలో పట్టలేదు."

"అయితే కత్తెర నీ దగ్గరా ఉందన్నమాట." చెట్టు మొదట్లో ఉన్న బెంచీ చూపించింది. ఇద్దరూ కూర్చున్నారు. "మధ్యాహ్నం దాకా ఏం చేసిందో చెప్పిందా నీతో?"

"నీకు జావ కాచానంది. ఆవుని పితికానంది."

"చేసింది. నాకు జ్వరం దిగాక ఇంక ఇంటికి పొమ్మన్నా. పోను అంది. 'మా అక్క చచ్చినా సరే నువ్వు వెళ్ళకు అన్నవాడి దగ్గరికి నేను పోను' అని గుమ్మంలో కూర్చుంది. లాంతరు ఒళ్ళో పెట్టుకుని, వెలుగుతూనే ఉంది. ఆర్పమన్నా ఆర్పలేదు. ఆర్పితే ఉండిపోయినట్టు, లేస్తే వెళ్ళినట్టు. పొద్దంతా అట్లాగే కూర్చుంది." జెల్లా వేలితో గౌను మీద రొట్టెపొడి దులిపింది. "మరిచిపోయి కాదు ఆటిస్ అది ఆర్పంది."

ఆటిస్‌కి పళ్ళెం బరువెక్కింది.

"ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. మందుల షాపులో ఆ పాట వినగానే, అది నీకు చెప్పేసిందనుకున్నా. చెప్పిందాన్ని నువ్వు దేశమంతా చాటావనుకున్నా. అదీ నా కోపం."

ఇన్ని నెలలూ ఎవరో ఒక చరణం కోసేశారని మొత్తుకున్నాడు. తనకే ఒక చరణం తెలీదు. దాన్ని ఏ కంపెనీ కోయలేదు.

"మరి ఎందుకొచ్చింది?" అన్నాడు.

"నేను కాఫీ పెట్టిచ్చా. ఒక గుక్క తాగింది. 'అక్కా, నీ చేతి కాఫీతో నేను బతకలేను' అని లేచింది."

ఆటిస్ ముందు నవ్వాడు. తర్వాత మొహం తిప్పుకున్నాడు. జెల్లా ఆ సమయానికి ఫ్లాస్కు మూత తీయడంలో మునిగిపోయింది, లేదా మునిగినట్టు నటించింది.

కింద రోడ్డు మీద తొందరగా బయల్దేరిన కారొకటి మలుపు తిరుగుతోంది. అద్దాలు దించి ఉన్నాయి. వయొలిన్లు, లానీ గొంతు. ఆటిస్ అలవాటుగా చెవి అటు పెట్టాడు. గుమ్మంలో నేనున్నాను. వయొలిన్లు లేచాయి, పడ్డాయి. సబ్బు ప్రకటన.

"చూశావా, అక్కడే ఆపేస్తారు" అన్నాడు ఒళ్ళు మండి.

"తాగు" అంది జెల్లా, కాఫీ కప్పు అందిస్తూ.

తాగాడు. ఒర్లీనా చెప్పింది నిజమే. కాలిన చెక్కని వేడినీళ్ళలో ముంచినట్టుంది.

ఖాళీ కప్పు మళ్ళీ ముందుకు చాపాడు.